మీ బండికి పిలుపు వచ్చిందా?



ఈ నెల నాకిచ్చిన పేజీలో పిల్లల ఇంగ్లీష్ స్పెల్లింగుల గురించి రాయాలనుకున్నాను. దాన్ని వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాను. అంతకంటే తొందరగా మీతో చెప్పాల్సిన విషయం ఒకటుంది. మీ పిల్లలు రోజూ స్కూలుకు వచ్చే బండి గురించి.

ముందుగా ఒక ప్రశ్న. మీ స్కూటర్‌లోనో, కారులోనో ఒక భాగం లోపంతో తయారైందని, దాన్ని ఉచితంగా మారుస్తామని కంపెనీ ఎప్పుడైనా ప్రకటించిందేమో చూశారా? పోయిన నెల పేరెంట్స్ మీటింగులో ఈ ప్రశ్న కొందరిని అడిగాను. చాలామంది "అలాంటిది వస్తే కంపెనీ వాళ్లే ఫోన్ చేస్తారు కదా మేడమ్" అన్నారు. ఒక నాన్నగారు మాత్రం, "నా కారుకి ఏదో మెసేజ్ వచ్చిందండీ, ఫ్రాడ్ అనుకుని డిలీట్ చేశాను" అన్నారు. ఈ రెండు జవాబులూ విన్నాకే ఇది రాయాలనిపించింది.

ఫోన్ నాకు రాలేదు

నా స్కూటర్ నేను షోరూమ్‌లో కొన్నది కాదు. మూడేళ్ల కిందట మన దగ్గర మ్యాథ్స్ చెప్పిన మేడమ్ గారు, వాళ్లాయనకు హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ కావడంతో, వెళ్లే ముందు నాకు అమ్మారు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ రెండూ నా పేరు మీదకు మార్పించుకున్నాం. రోజూ జగన్నాథపురం నుంచి వంతెన దాటి, భానుగుడి మీదుగా దాని మీదే వస్తాను. వెనక సీట్లో మా అక్క కొడుకు. మన స్కూల్లోనే 3వ తరగతి. చిన్న హెల్మెట్ పెట్టుకుని, రెండు చేతులూ నా నడుం చుట్టూ వేసి, దారి పొడుగునా ఎక్కాలు అప్పజెబుతూ వస్తాడు.

జూలైలో ఒక శనివారం సాయంత్రం ఆ మేడమ్ గారి నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "చూడమ్మా, ఇది నా ఫోనుకొచ్చింది. బండి నీ దగ్గరుంది కదా" అని, కంపెనీ పంపిన మెసేజ్‌ని నాకు పంపారు. ముందు బ్రేక్ లీవర్ దగ్గర ఉండే ఒక భాగాన్ని మార్చాలని, దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌ను సంప్రదించాలని అందులో ఉంది.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. ఆర్‌టీఓ ఆఫీసులో పేరు మారినంత మాత్రాన కంపెనీ పుస్తకంలో ఫోన్ నంబరు మారదు. కంపెనీ దగ్గర ఉండేది ఆ బండిని మొదట కొన్నవాళ్ల నంబరు. సెకండ్ హ్యాండ్ బండి అయితే పిలుపు పాత యజమానికి వెళ్తుంది. కొత్త బండే అయినా, మధ్యలో మీరు సిమ్ మార్చి ఉంటే ఆ మెసేజ్ ఎవరి ఫోనుకు పోతుందో తెలియదు. మా మేడమ్ గారు శ్రద్ధ గల మనిషి కాబట్టి నాకు తెలిసింది. ఆవిడ పని ఒత్తిడిలో దాన్ని పక్కన పెట్టేసి ఉంటే నాకు తెలిసే దారే లేదు.

మెసేజ్‌లోని ఇంగ్లీష్

ఇంగ్లీష్ టీచర్‌ని కాబట్టి ఆ మెసేజ్‌ని రెండు మూడుసార్లు చదివాను. రీకాల్ అనే మాటకు క్లాసులో రెండు అర్థాలు చెబుతాం. ఒకటి గుర్తు తెచ్చుకోవడం. రెండోది వెనక్కి పిలవడం. బండ్ల విషయంలో రెండో అర్థం: మేం అమ్మిన వస్తువులో లోపం ఉంది, తీసుకురండి, సరిచేస్తాం అని తయారుచేసినవాళ్లు పిలవడం. కానీ ఆ మెసేజ్‌లో రీకాల్ అనే మాట ఎక్కడా లేదు. "సర్వీస్ క్యాంపెయిన్" అని ఉంది. చదివితే కార్ వాష్ ఆఫర్ లాగా అనిపిస్తుంది. "డిఫెక్ట్" అని లేదు, "ప్రికాషనరీ" అని ఉంది. బ్రేక్ పని చేయదు అని లేదు. పనితీరు మీద ప్రభావం పడవచ్చు అనే అర్థంలో "మే" అనే చిన్న మాట ఉంది.

"మే" అంటే జరగవచ్చు, జరగకపోవచ్చు. వ్యాకరణం ప్రకారం అంతే. కానీ ఆ మాట ఏ వస్తువు పక్కన ఉందన్నది కూడా చూడాలి. సీటు కవరు రంగు పోవచ్చు అనడం వేరు, ముందు బ్రేకు దెబ్బతినవచ్చు అనడం వేరు. బ్రేక్ వేసినప్పుడు బండి బరువంతా ముందుకు వస్తుంది. బండిని ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రం మీదే పడుతుంది. అందుకే మెసేజ్ ఎంత మెత్తగా ఉన్నా, అది ఏ భాగం గురించి చెబుతోందో ముందు చూడండి. బ్రేకు, స్టీరింగు, టైరు, పెట్రోలు పైపు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు... వీటిలో ఏ పేరు కనిపించినా అది ఆఫర్ మెసేజ్ కాదు.

"అదే మాట రాసివ్వండి"

సోమవారం స్కూలు అయ్యాక ఆటోలో సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. ఆర్‌సీ కాపీ ఇచ్చాను. కౌంటర్లో ఉన్న అబ్బాయి ఛాసిస్ నంబరు కంప్యూటర్లో కొట్టి, "ఉంది మేడమ్, మీ బండి లిస్టులో ఉంది. కానీ పార్ట్ ఇంకా రాలేదు. పేరు రాసుకుంటాం, రాగానే ఫోన్ చేస్తాం" అన్నాడు.

"మరి అప్పటిదాకా నడపొచ్చా?" అని అడిగాను.

"నడపండి మేడమ్, ఏం కాదు. అందరూ నడుపుతూనే ఉన్నారు."

"సరే బాబూ. అదే మాట ఈ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తారా?"

అతను నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి లోపలికి వెళ్లి మేనేజర్‌ను పిలుచుకొచ్చాడు. ఆయన నిజాయితీగానే మాట్లాడారు. "రాసివ్వలేను మేడమ్. మీ బండిలో ఆ లోపం ఉండొచ్చు, లేకపోవచ్చు. పైకి చూసి చెప్పే సంగతి కాదు, భాగం మార్చాల్సిందే. నన్నడిగితే, వేరే ఏర్పాటు చేసుకోగలిగితే అదే మంచిది. పైగా పిల్లాణ్ని ఎక్కించుకుంటానంటున్నారు."

ఒకే ప్రశ్నకు ఒకే కౌంటర్ దగ్గర రెండు జవాబులు వచ్చాయి. నోటితో చెప్పినది ఒకటి, కాగితం మీద పెట్టాల్సి వచ్చేసరికి మరొకటి. కౌంటర్లో అబ్బాయిని నేను తప్పు పట్టను. రోజుకు వంద మందికి జవాబు చెప్పాలి, ఎవరూ కంగారు పడకూడదని అలా అంటాడు. కానీ మన పిల్లల విషయంలో మనకు కావాల్సింది ధైర్యం చెప్పే మాట కాదు, నిజం.

ఆ రోజు నుంచి స్కూటర్‌ని మెట్ల కింద పెట్టి కవరు కప్పేశాను.

37 రోజులు

ఆ తర్వాత 37 రోజులు ఎదురుచూశాను. చెప్పడానికి చిన్న సంఖ్యే. వానాకాలంలో ఏడెనిమిదేళ్ల పిల్లాడిని, రెండు స్కూలు బ్యాగులని పట్టుకుని షేర్ ఆటో కోసం నిలబడితే అది ఎంత పెద్ద సంఖ్యో తెలుస్తుంది. మనిషికి 20 రూపాయల చొప్పున ఇద్దరికీ రానూ పోనూ రోజుకు 80. ఆదివారాలు, సెలవులు తీసేస్తే 30 రోజులు. మొత్తం 2,400 రూపాయలు. బండి నడవనందుకు మిగిలిన పెట్రోలు ఖర్చు తీసేసినా నా జీతంలో అది తెలిసే మొత్తమే. "ఉచితంగా మారుస్తాం" అనే మాటలో ఈ ఖర్చు ఎక్కడా కనిపించదు. ఆటో ఖర్చులు ఇస్తారా అని ఉత్తరం రాసి అడిగాను. అలాంటి ఏర్పాటు లేదన్నారు.

ఖర్చు కంటే కష్టమైంది ఇంట్లో నచ్చజెప్పడం. మొదటి వారం అమ్మ ఏమీ అనలేదు. రెండో వారం నుంచి మొదలుపెట్టింది. "మూడేళ్ల నుంచి నడుపుతున్నావు, ఏమైంది చెప్పు? ఆ మెసేజ్ రాకపోతే ఇవాళ కూడా దాని మీదే వెళ్లేదానివి కదా!" అమ్మ మాటలో తర్కం ఉంది. ముందు రోజు ఎలా ఉందో బండి ఇవాళా అలాగే ఉంది. మారింది నాకు తెలిసిన విషయమే. తెలియనప్పుడు నడపడం వేరు. తెలిశాక, ఒక పిల్లాడిని వెనక కూర్చోబెట్టుకుని నడపడం వేరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం గురించి నాకు చిన్నప్పుడు చెప్పింది అమ్మే. అదే గుర్తు చేశాను. "సరే, వరలక్ష్మీ వ్రతం నాటికైనా వస్తుందేమో చూడు" అని ఊరుకుంది.

మావాడి గొడవ వేరు. "బండిని పిలిచారన్నావు కదా పిన్నీ, మరి ఎందుకు వెళ్లట్లేదు?" అన్నాడు. పార్ట్ రాలేదురా అన్నాను. కాసేపు ఆలోచించి, "మనల్ని భోజనానికి పిలిచి, వెళ్లాక ఇంకా అన్నం వండలేదంటే ఎలా?" అన్నాడు. సర్వీస్ సెంటర్‌కు నేను రాసిన రెండు ఉత్తరాల్లోనూ ఇంత సూటిగా చెప్పలేకపోయాను.

ప్రతి బుధవారం నా ఖాళీ పీరియడ్‌లో ఫోన్ చేసేదాన్ని. మూడో వారంలో తెలిసింది, కొన్ని పార్టులు వచ్చాయని, అవి అయిపోయాయని. ఎవరికి వేశారని అడిగితే, "ఆ రోజుల్లో మామూలు సర్వీసుకి వచ్చిన బండ్లకు వేసేశాం మేడమ్" అన్నారు. అంటే పేరు రాయించుకుని, బండి ఆపేసి, ఇంట్లో కూర్చున్నవాళ్లు వెనకబడ్డారు. ఆ రోజే వెళ్లి మేనేజర్‌ను కలిశాను. గొడవ పెట్టుకోలేదు. రిజిస్టర్‌లో నా పేరు పక్కన తేదీ వేయించాను. పిల్లల్ని ఎక్కించుకునేవాళ్లకు, బండి పూర్తిగా ఆపేసినవాళ్లకు ముందు వేయమని రాతపూర్వకంగా అడిగి, నా కాపీ మీద స్టాంపు వేయించుకున్నాను. తర్వాతి విడతలో ఫోన్ వచ్చింది. పని పూర్తి కావడానికి 40 నిమిషాలు పట్టింది. జాబ్ కార్డు మీద ఏ భాగం మార్చారో, ఏ తేదీన మార్చారో రాయించుకుని వచ్చాను.

ప్రపంచమంతా ఎదురుచూసిన సందర్భం

ఆ ఎదురుచూపులో ఈ విషయం గురించి కొంత చదివాను. తకాటా అనే జపాన్ కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల కథ అమ్మకు కూడా చెప్పాను. "ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా" అనే మాటకు అంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

ఎయిర్‌బ్యాగ్ ఉబ్బడానికి దాని వెనక ఒక లోహపు డబ్బా ఉంటుంది. దాన్ని ఇన్‌ఫ్లేటర్ అంటారు. అందులోని రసాయనం క్షణంలో మండి, గ్యాస్ పుట్టి సంచిని నింపుతుంది. తకాటా వాడిన రసాయనం అమ్మోనియం నైట్రేట్. ఏళ్ల తరబడి వేడి, గాలిలో తేమ, పగలూ రాత్రీ ఉష్ణోగ్రత మార్పులు తగిలేసరికి అది పాడైంది. అలా పాడైనది ఉండాల్సిన దానికంటే వేగంగా మండుతుంది. డబ్బా పగిలి లోహపు ముక్కలు మనిషి మీదకు దూసుకొస్తాయి. ప్రాణం కాపాడాల్సిన వస్తువే ప్రాణం తీసింది. దీని కోసం మొదటి రీకాల్ 2008లో హోండా చేసింది. తర్వాత దాదాపు పెద్ద కార్ల కంపెనీలన్నీ చేశాయి. ఒక్క అమెరికాలోనే సుమారు 6 కోట్ల 70 లక్షల ఎయిర్‌బ్యాగులు మార్చాల్సిన పరిస్థితి వచ్చింది. ఆ దేశ చరిత్రలో అంత పెద్ద రీకాల్ మరొకటి లేదు. మన దేశంలోనూ ఆ ఎయిర్‌బ్యాగుల కోసం కార్లను వెనక్కి పిలిచారు. 2017లో తకాటా దివాలా పిటిషన్ వేసింది.

ఇందులో మనం నేర్చుకోవాల్సినవి రెండున్నాయి.

మొదటిది: ఆ కార్లు కొన్న రోజున బాగానే ఉన్నాయి. ఐదేళ్ల తర్వాత కూడా చాలావరకు బాగానే ఉన్నాయి. లోపం కాలంతో పాటు పెరిగింది. "ఇన్నాళ్లూ ఏమీ కాలేదు" అన్నది ఆ కార్ల విషయంలో భరోసా కాదు. రోజులు గడిచేకొద్దీ ప్రమాదం దగ్గరైంది. ఉక్కపోతలో, సముద్రపు గాలిలో బతికే మన కాకినాడ వాళ్లకు ఈ మాట ఇంకా బాగా అర్థం కావాలి.

రెండోది: అన్ని కోట్ల పార్టులు ఒక్కసారిగా ఎవరి దగ్గరా లేవు. అమెరికాలో జనం నెలల తరబడి, కొందరు అంతకన్నా ఎక్కువ కాలం ఎదురుచూశారు. అప్పుడు అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఒక వరుస పెట్టింది. గట్టిగా అడిగినవాళ్లకు ముందు కాదు. ఎక్కడ ప్రమాదం ఎక్కువో, అంటే వేడి, తేమ ఎక్కువగా ఉండే ఫ్లోరిడా లాంటి ప్రాంతాల్లోని పాత కార్లకు ముందు. 2001 నుంచి 2003 మధ్య మోడళ్లలో కొన్ని హోండా, అక్యురా కార్ల పరిస్థితి మరీ ఘోరంగా ఉందని తేలడంతో, వాటిని ఇక నడపవద్దని, నేరుగా డీలర్ దగ్గరకు మాత్రమే తీసుకెళ్లాలని 2016లో హెచ్చరించింది. ఎదురుచూపు తప్పనప్పుడు కనీసం దానికి ఒక న్యాయమైన వరుస ఉండాలి. మేనేజర్ గారికి నేను రాసిన కాగితంలో ఉన్నది ఈ ఆలోచనే.

మన చట్టం ఏమంటుంది

మన దేశంలో 2012 నుంచి వాహన తయారీదారుల సంఘం, అంటే సియామ్, పెట్టుకున్న స్వచ్ఛంద నియమావళి ప్రకారం కంపెనీలు తమంతట తామే బండ్లను వెనక్కి పిలుస్తున్నాయి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110-ఏ అనే సెక్షన్ చేర్చారు. దాని కింద, ప్రమాదకరమైన లోపం ఉంటే బండ్లను వెనక్కి పిలవమని కేంద్ర ప్రభుత్వం కంపెనీని ఆదేశించవచ్చు. ఆ నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడేళ్ల లోపు బండ్లకు అవి వర్తిస్తాయి. వాహనదారులు తమ బండిలోని లోపాన్ని ఫిర్యాదు చేయడానికి ప్రభుత్వ వాహన్ వెబ్‌సైట్‌లో ఏర్పాటు కూడా ఉంది. ఒకే లోపం మీద తగినంత మంది ఫిర్యాదు చేస్తే విచారణ మొదలవుతుంది. కాబట్టి మీ ఒక్కరి ఫిర్యాదు వృథా అనుకోకండి.

మీరు చేయాల్సినవి

1. మీ ఆర్‌సీలో ఛాసిస్ నంబరు చూడండి. 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఒక చిన్న కిటుకు: ఒకటి, సున్నా అంకెలతో పొరపాటు పడకుండా ఉండేందుకు ఇందులో ఐ, ఓ, క్యూ అనే మూడు అక్షరాలు వాడరు. మీకు గుండ్రంగా కనిపించింది ఓ కాదు, సున్నా.

2. ఆ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోండి, లేదా సర్వీస్ సెంటర్‌లో అడగండి. చాలా కంపెనీలు వెబ్‌సైట్‌లోనే ఈ సౌకర్యం ఇస్తున్నాయి. ఏడాదికి ఒకసారి, ఇన్సూరెన్స్ కట్టే రోజున, ఈ పని కూడా చేస్తే గుర్తుంటుంది.

3. సెకండ్ హ్యాండ్ బండి అయినా, ఫోన్ నంబరు మారినా, సర్వీస్ సెంటర్‌కు వెళ్లి కంపెనీ రికార్డులో మీ పేరు, నంబరు ఎక్కించుకోండి. మీరు బండి అమ్మేసి ఉంటే, పాత బండి గురించి మెసేజ్ వచ్చినప్పుడు కొన్నవాళ్లకు పంపండి. నాకు ఒకరు పంపబట్టే తెలిసింది.

4. మెసేజ్ నిజమో కాదో అనుమానం వస్తే అందులోని లింకు నొక్కకండి. మీ సర్వీస్ బుక్‌లో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. రీకాల్ పనికి డబ్బు కట్టమన్నా, ఓటీపీ చెప్పమన్నా అది మోసమే.

5. పార్ట్ లేదంటే మూడు ప్రశ్నలు అడగండి: అప్పటిదాకా నడపొచ్చా? వరుసలో నా స్థానం ఎంత? ఎప్పటికి వస్తుంది? జవాబులు కాగితం మీద అడగండి. బ్రేకు, స్టీరింగు లాంటి భాగమైతే, నడపొచ్చని ఎవరూ రాసివ్వకపోతే, కనీసం పిల్లల్ని ఆ బండి ఎక్కించకండి.

6. మీ పిల్లలు ప్రైవేటు వ్యాన్‌లోనో, ఆటోలోనో వస్తుంటే ఆ డ్రైవర్ అన్నని కూడా ఈ మాట అడగండి. తప్పు పట్టినట్టు కాదు, తెలుసుకున్నట్టు. అతనికి బండి ఆగితే ఆ రోజు సంపాదన ఆగుతుంది. రెండు రోజులు పిల్లల్ని మీరే దింపుతామని చెబితే అతను బండి సర్వీసుకు ఇవ్వగలుగుతాడు.

ఆరో మాట రాస్తున్నప్పుడు నాకు అనిపించింది, బండి ఆపడం అందరికీ ఒకేలా ఉండదని. నాకు షేర్ ఆటో ఉంది, 2,400 రూపాయలు ఎలాగో సర్దుకోగలిగాను. మీలో కొందరికి ఆ బండే బతుకుతెరువు. అందుకే అదే దారిలో వచ్చే పక్కింటివాళ్లు, క్లాస్‌మేట్స్ తల్లిదండ్రులు కొన్నాళ్లు ఒకరి పిల్లల్ని ఒకరు తీసుకురాగలిగితే ఎదురుచూపు బరువు సగం తగ్గుతుంది. ఎవరికైనా అలాంటి అవసరం వస్తే మీ క్లాస్ టీచర్‌కు డైరీలో రాయండి. మీ దారిలో వచ్చేవాళ్లెవరో మేం అడిగి చెబుతాం.

వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు మధ్యాహ్నం 12 గంటల దాకా కంప్యూటర్ ల్యాబ్ తెరిచి ఉంచడానికి ప్రిన్సిపల్ గారు ఒప్పుకున్నారు. ప్రోగ్రెస్ రిపోర్ట్ తీసుకున్నాక, మీ బండి ఆర్‌సీ కాపీతో అక్కడికి రండి. 9వ తరగతి పిల్లలు నలుగురు కంప్యూటర్ల దగ్గర ఉంటారు. ఒక్కో బండికి ఐదు నిమిషాలు చాలు. ఓ అక్షరానికీ సున్నాకీ తేడా వాళ్లకు నేర్పించాను, తప్పు కొట్టరు.

– మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్